కోడలి పాఠాలకు నేను తెప్పించిన లాప్‌టాప్

మా కోడలు లాప్‌టాప్ కావాలని అడిగినప్పుడే ఎలాంటిది కావాలో కూడా చెప్పింది. నేను మొదటి మాట మాత్రమే విన్నాను.

ఉప్పలగుప్తం దగ్గర మా ఊళ్లో మాకు రొయ్యల చెరువులున్నాయి. నేనూ మా అబ్బాయీ వాటి మీదే ఉంటాం. కోడలు బి.ఇడి. చదివింది. పాప పుట్టాక స్కూలు ఉద్యోగం మానేసి, కువైట్‌లో ఉంటున్న నా బావమరిది పిల్లలకి ఫోనులో తెలుగు నేర్పడం మొదలుపెట్టింది. అది చూసి, ఆ బిల్డింగులోనే ఉన్న మనవాళ్లు కొందరు తమ పిల్లలకీ చెప్పమన్నారు. వేసవి సెలవులు అవగానే మొదలుపెట్టాలన్నారు. పిల్లలందరూ ఒకరికొకరు కనబడాలి, టీచరు అక్షరం రాస్తుంటే తెర మీద తెలియాలి అన్నారు. ఫోనులో అది కుదిరే పని కాదు. స్కూలు వదిలేశాక ఆమె మొహంలో అంత హుషారు నేను చూడటం అదే మొదటిసారి.

తనే అమలాపురం వెళ్లి ఒక షాపులో చూసి వచ్చింది.

"చిన్నదేనండి మావయ్యగారూ. చప్పుడు చెయ్యదు. కరెంటు పోయినా క్లాసు అయ్యేదాకా నడుస్తుందంటండి. స్కూలు జీతంలో నేను దాచుకున్న డబ్బులతో వచ్చేస్తుంది."

"మేముండగా నీ డబ్బులెందుకమ్మా? మీ అత్తగారి తమ్ముడు సెలవుకి వస్తున్నాడు కదా, తెస్తాడు. అక్కడి సరుకు వేరు."

ఇంకేదో అనబోయి, "ఆయ్, అలాగేనండి" అంది.

మా ఇళ్లల్లో గల్ఫ్ నుంచి వచ్చిన వస్తువుకి ఉండే మర్యాదే వేరు. ఒళ్లునొప్పుల మందు దగ్గర్నుంచి దుప్పటి దాకా అక్కడిదే మంచిదంటాం. ఖాళీ అయిన పాలపొడి డబ్బాని కూడా పారెయ్యం, పప్పులు పోసుకుంటాం.

ఆ వారమే బావమరిది ఫోన్ చేశాడు. "ఎలాంటిది తెమ్మంటారు బావగారూ? ఓసారి అమ్మాయినడిగి చెప్పండి." కోడలు పక్కగదిలోనే పాపకి అన్నం పెడుతోంది. కాస్త గొంతు పెంచితే వినబడేది. "అడిగేదేముందయ్యా? పెద్ద తెర ఉన్నది, బాగా పవరున్నది చూడు. ఆఫర్లుంటాయి కదా మీకు," అన్నాను. ఇక్కడ చిన్నది కొనే ధరకి అక్కడ పెద్దది వస్తుందన్నది నా తెలివి.

అతని సెలవు వెనక్కి జరిగింది. కువైట్‌లో పిల్లల బడులు తెరిచారు. కోడలు మొదట్లో "ఎప్పుడొస్తారంటండి?" అని అడిగేది. తర్వాత అడగడం మానేసింది. నేను మాత్రం "మంచి వస్తువు కావాలంటే ఆగాలమ్మా" అని అడక్కుండానే చెబుతుండేవాణ్ణి.

చివరికి వచ్చాడు. విమానంలో బరువు ఎక్కువైతే, అక్క కోసం కొన్న దుప్పటి తీసేసి మరీ ఆ లాప్‌టాప్ తెచ్చాడు. పెట్టె విప్పుతుంటే పక్కింటివాళ్లు కూడా వచ్చి చేరారు. పీటంత తెర. మీటల మీద ఇంగ్లీషు పక్కన అరబ్బీ అక్షరాలు. వాటి కింద రంగురంగుల లైట్లు. కంప్యూటర్లో ఆటలాడే కుర్రాళ్ల కోసం చేసే రకమట.

"తీర్థంలో ఊరేగే రంగుల ప్రభలా ఉందే! ఇంక అరబ్బీ కూడా నేర్పేస్తావేటే అమ్మాయ్?" అంది పక్కింటావిడ. అందరం నవ్వాం. కోడలూ నవ్వింది. సంతోషపడిందనుకున్నాను.

మర్నాడు సాయంత్రం క్లాసు. ప్లగ్గు మా గోడలోకి దూరలేదు. దాని పిన్నులు పలకల్లా మందంగా ఉన్నాయి. పరుగున వెళ్లి, మధ్యలో తగిలించే పిన్ను కొనుక్కొచ్చాను. ఆ బరువుకి అదీ నిలవక జారిపోయేది. జారిందంటే అంతే, ఆ పెద్ద తెర బ్యాటరీని చూస్తుండగానే తాగేసేది. ఇక లోపలి ఫ్యాను మా చెరువులో నీళ్లు చిలికే ఏరియేటర్ తిరిగినట్టు మోగేది.

"టీచర్, మీ ఊళ్లో వానొస్తోందా?" అన్నాడు కువైట్ నుంచి ఒక పిల్లాడు.

"లేదు నాన్నా. నువ్వు గుణింతం చదువు."

గుణింతం సగంలో తెర ఆరిపోయింది. ఆ మర్నాడు నేనే బల్ల కింద దూరి ప్లగ్గు కదలకుండా పట్టుకు కూర్చున్నాను.

"చెరువు మీద కాపలా మానేసి ప్లగ్గుకి కాపలా కాస్తున్నారా?" అని మా ఆవిడ గుమ్మంలోంచి నవ్వింది. ఆ నవ్వు అయ్యేలోపే కరెంటు పోయింది. ఇన్వర్టరు దాన్ని మొయ్యలేక కూత పెట్టి మొత్తానికే పాడైపోయింది.

కోపంతో దాన్ని అమలాపురం తీసుకెళ్లాను. "రిపేరేం లేదండి, ఈ రకం ఇలాగే మోగుతాదండి. ఒకవేళ పాడైనా వారంటీ ఆ దేశంలోనేనండి," అన్నాడు షాపతను. అతని మీద అరిచి వచ్చాను. కరెంటాఫీసుని తిట్టాను. మనసులో బావమరిదినీ తిట్టుకున్నాను. తిట్టాల్సిన మనిషి ఒక్కడు మాత్రం మిగిలిపోయాడు.

కొన్నాళ్లకి ఓ సాయంత్రం చెరువు మీంచి తొందరగా వచ్చాను. కోడలు పాలపొడి డబ్బాకి ఫోను ఆనించి, కళ్లు చికిలించి పాఠం చెబుతోంది. పక్కన లాప్‌టాప్ మూసి ఉంది, మీద అల్లికగుడ్డ కప్పి ఉంది. బావమరిది ఇంటికొచ్చినప్పుడల్లా అది తెరిచి, లైట్లు వెలిగేలా ఎందుకు పెడుతోందో అప్పుడు అర్థమైంది.

పాఠం అయ్యాక అడిగాను. "దాన్ని పక్కన పెట్టేశానని చెప్పలేదేమమ్మా?"

"ఎలా చెప్పనండి? ఆయన దుప్పటి వదిలేసి తెచ్చేరు. అత్తయ్యగారు చిన్నబుచ్చుకుంటారు. మీరేమో..."

"నేనేమో?"

"మీరు అడగలేదు కదండీ."

గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది. చెరువులో రొయ్యపిల్లని వదిలే ముందు నేను నీళ్లు పరీక్ష చేయిస్తాను. ఆ పిల్ల ఏ నీళ్లలో పెరిగిందో, మా నీళ్ల ఉప్పుని తట్టుకుంటుందో లేదో కనుక్కుంటాను. ఇంట్లో తిరిగే పిల్లని ఒక్క ముక్క అడగలేదు. ఆమె డబ్బు వద్దనడం నా మంచితనం అనుకున్నాను. ఆమె ఎంపికని నా చేతిలోకి లాక్కున్నానని తోచలేదు.

బావమరిది ఆదివారం భోజనానికి వచ్చినప్పుడు అందరి ముందూ చెప్పేశాను. అది అమ్మాయికి పనికిరావడం లేదనీ, తప్పు నాదనీ. అతను ముద్ద ఆపి, "నేనారోజే అమ్మాయినడగమన్నాను కదండీ బావగారూ," అన్నాడు. మా ఆవిడ నావైపు చూడకుండా పులుసు వడ్డిస్తూ, "నా దుప్పటీ పోయింది, పిల్ల పాఠాలూ పోయేయి," అంది. అతను దాన్ని మళ్లీ పట్టుకెళ్లి అక్కడే ఎవరికైనా అమ్మేస్తానన్నాడు. తిరుగు ప్రయాణంలో దాని బరువుకి అక్క పెట్టిన ఆవకాయ మా ఇంట్లోనే ఉండిపోయింది.

కోడలితో అమలాపురం వెళ్లాను. తను అప్పుడు చూసుకున్నది అయిపోయిందట, అలాంటిదే ఇంకోటి చూపించారు. ఒంటిచేత్తో ఎత్తి చూసింది. చెవి దగ్గర పెట్టుకుని విన్నది. ఛార్జరు తీయించి నడిపించింది. నోరు తెరవకూడదని దారి పొడవునా అనుకున్నవాణ్ణే, "ఇంకాస్త పెద్ద తెర..." అనేశాను.

ఆమె నావైపు తిరిగింది. "మీరలా వెళ్లి టీ తాగి రండి మావయ్యగారూ."

వెళ్లాను. టీ తాగలేదు. నేను తిరిగొచ్చేసరికి డబ్బు తనే కట్టేసింది.

ఇప్పుడు క్లాసు సాఫీగా జరుగుతోంది. కానీ ఆ బిల్డింగులో చాలామంది మధ్యలోనే వేరే టీచరుని చూసుకున్నారు. బావమరిది పిల్లలు కాక ఇంకో ఇద్దరే మిగిలారు. ఆమె ఎవర్నీ ఏమీ అనదు. సాయంత్రం నేను అరుగు మీద కూర్చుంటాను. కరెంటు పోతే ఫ్యాన్లూ టీవీ ఆగిపోతాయి, ఆమె పాఠం మాత్రం ఫోను నెట్టుతో సాగుతూనే ఉంటుంది. ఎంత కొద్దిమంది పిల్లలు బదులు పలుకుతున్నారో ఆ నిశ్శబ్దంలో నాకు బాగా వినబడుతుంది.