పసుపింట్లో తెల్లవే తినే పిల్ల

ఆ రోజు చేనులో పసుపు ఉడకబెడుతున్నాం. మాది ఆర్మూర్ పక్కన పల్లె. మా పాప మేఘనకు అప్పుడు మూడేళ్లు. దాన్ని చంకనేసుకుని కూలీలకు టీ పోస్తున్నాను. ఆవిరి మావైపు తిరగగానే పాప ముక్కు మూసుకుని నా భుజం మీదే వాంతి చేసుకుంది. పసుపు పండించి బతికే ఇంట్లో పుట్టి పసుపు వాసన పడకపోవడమేమిటని అందరూ నవ్వారు. మా అత్తమ్మ మాత్రం "దిష్టి తగిలింది పిల్లకు" అంటూ ఇంటికి రాగానే ఉప్పు తిప్పి పోసింది. నాకు భయమేసింది. అప్పటికే పాప పప్పన్నం, కూరన్నం ఒక్కొక్కటిగా మానేస్తూ వస్తోంది. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటమూ తగ్గింది.

నిజామాబాద్‌లో పిల్లల డాక్టర్‌కు చూపించాం. హియరింగ్ టెస్ట్ నార్మల్ అని వచ్చింది. ఆ తర్వాత ఆయన ఇంకో డాక్టర్ దగ్గరికి పంపారు. ఆమె చాలాసేపు పాపతో ఆడి, మమ్మల్ని ఎన్నో అడిగి చెప్పింది. "ఇది ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ అమ్మా. తిండి దగ్గర సెన్సరీ ఇష్యూస్ ఉన్నయి. మొండితనం కాదు." ఆ చివరి మాట ఊళ్లో ఒక్కరి చెవికీ ఎక్కలేదు. ఎవరింటికి పోయినా ఒకటే వైద్యం: "రెండు పూటలు పస్తు పెట్టు, అన్నీ తింటది." పస్తు పెడితే మా పాప ఆకలితో ముడుచుకుని పడుకుంటుంది తప్ప నచ్చని ముద్ద ముట్టదు.

ఐదో ఏడు వచ్చేసరికి అది తినేవి పెరుగన్నం, ఇడ్లీ, మరమరాలు, పాలు. అంతే, అన్నీ తెల్లవే. "పాలు తాగుతున్నంత కాలం నాకు పెద్ద ఫికర్ లేదు" అన్నారు పిల్లల డాక్టర్. నేనూ ఆ పాల మీదే ప్రాణం పెట్టుకున్నాను.

పసుపు కొమ్ములకు పాలిష్ పట్టే రోజుల్లో ఆ దుమ్ముకు ఇంటిల్లిపాదికీ దగ్గు వస్తుంది. ఆ ఏడు పాపకూ వచ్చింది. నేను బట్టలు ఆరేసి వచ్చేసరికి అత్తమ్మ పాలలో చిటికెడు పసుపు కలిపి, ఇంత చక్కెర వేసి, పొడి తెలియకుండా బట్టతో వడగట్టి మరీ ఇస్తోంది. పాప గ్లాసును మూతి దాకా తెచ్చుకుని ఆగింది. తర్వాత గోడకేసి కొట్టింది.

"ఒక్క గుటక తాగితే దగ్గు పోతుండె. మనింట్ల పసుపు పాలు తాగకుంట ఎవరు పెరిగిండ్రు చెప్పు?" అంది అత్తమ్మ.

ఆమె అన్నదీ నిజమే. మా ఇళ్లలో కూరలో ఉప్పు పడగానే చెయ్యి తనంతట తానే పసుపు డబ్బా మీదికి పోతుంది. దెబ్బకు పసుపు, జలుబుకు పసుపు.

మరునాటి నుంచి పాప పాలు ముట్టలేదు. గ్లాసు మార్చాం, పోసే మనిషిని మార్చాం, లాభం లేదు. కొన్నాళ్లకే పెరుగన్నం, ఇడ్లీ కూడా పక్కకు నెట్టేసింది. మిగిలినవి మరమరాలు. ఎత్తుకుంటే బరువు తెలియడం లేదు. బ్లడ్ టెస్ట్‌లో హిమోగ్లోబిన్ బాగా పడిపోయింది. "వెయిట్ ఇంకా తగ్గితే అడ్మిట్ చేసుకుని ముక్కు నుంచి ట్యూబ్ వేయాల్సి వస్తది" అన్నారు డాక్టర్. ముక్కుకు తువ్వాలు తగిలితేనే విలవిలలాడే పిల్లకు ట్యూబా! దవాఖాన బెంచీ మీదే ఏడ్చేశాను. ఇంటికొచ్చి అత్తమ్మను నోటికొచ్చినట్టు అన్నాను.

"నేనేమన్న విషం పెట్టిన్నా లావణ్యా?" అని ఆమె కూడా ఏడ్చింది.

డాక్టర్ మమ్మల్ని ఆక్యుపేషనల్ థెరపిస్ట్ దగ్గరికి పంపారు. చిన్న వయసు అమ్మాయి. అంతా విని, "మీకు అది చిటికెడు. పాప ముక్కుకు గుప్పెడు. ఇప్పుడు భయం పసుపుకే కాదు, గిన్నెల ఏం కలిపిండ్రో తెల్వకపోవుడే భయం. అన్నీ పాప ముందే చెయ్యండి. తినుమని మాత్రం అనకండి" అంది.

మర్నాడే పొయ్యికి దూరంగా ఎత్తు పీట వేసి పాపను కూర్చోబెట్టాం. ఇడ్లీ పిండి పోయడం, మూత పెట్టడం, తీయడం అన్నీ దాని కళ్ల ముందే. పసుపు డబ్బాను వంటింట్లోంచి బయటి అర్రలోకి మార్చింది అత్తమ్మే. పసుపు పట్టిన చేతులను సబ్బుతో తోమి తోమి కడిగి, పాప ముక్కు దగ్గర పెట్టి, "చూడు బిడ్డా, వాసన లేదు" అనేది. పాప ఆ చెయ్యి నెట్టేసేది. ఆమె పోయి మళ్లీ కడుక్కునేది. నీళ్లకు నాని ఆమె వేళ్లు పగిలాయి. అవి చూశాక నా కోపం నిలవలేదు.

ముందు ఇడ్లీ తిరిగొచ్చింది, తర్వాత పెరుగన్నం. అప్పుడు దవాఖానలోని డైటీషియన్ మాట ప్రకారం మరమరాల పక్కన వేరే గిన్నెలో జొన్న పేలాలు పెట్టాం. పాప వాటిని నలిపింది, వాసన చూసింది, పారేసింది. చాలా రోజులకు ఒకటి కొరికింది. అక్కడి నుంచి కరకరలాడే తెల్ల జొన్నరొట్టె ముక్క, పొట్టు తీసిన పల్లీలు, ఉడికిన గుడ్డులో తెల్లసొన. మధ్యలో జ్వరం వచ్చి అన్నీ మానేసింది. మళ్లీ ఇడ్లీ నుంచి మొదలుపెట్టాం.

పాలు మాత్రం రాలేదు. ఒక పొద్దున అత్తమ్మ పాప ముందే పాలు కాచి, చల్లార్చి, తన గ్లాసులో పోసుకుని తాగసాగింది. ఆమె టీ మనిషి, పాలంటే మొహం ముడుస్తుంది. అయినా గుటక గుటకగా తాగుతోంది. పాపను పిలవలేదు, చూడను కూడా లేదు. పాప పీట దిగి వచ్చి, ఆమె మూతి దగ్గరి గ్లాసు లాక్కుని, వాసన చూసి, మిగిలినవన్నీ తాగేసింది. అత్తమ్మ కొంగు మొహానికి కప్పుకుంది.

ఇప్పుడు మేఘనకు ఏడేళ్లు. బడి డబ్బాలో ఇడ్లీ, రొట్టె ముక్కలు, పల్లీలు పోతాయి. డాక్టర్ ట్యూబ్ మాట ఎత్తడం లేదు. పసుపు వేసినవేవీ అది ఇప్పటికీ తినదు. అందుకే మా ఇంట్లో పప్పు రెండు గిన్నెల్లో ఉడుకుతుంది, పసుపు లేనిది దాని పక్కన విడిగా పెడతాం.

నాలాంటి తల్లులకు ఒక్కటే చెబుతాను. మీ బిడ్డ తినేవి రెండే అయినా సరే, వాటిలో క్యారట్ గానీ, మందు గానీ, పొడి గానీ దాచి కలపకండి. మందు తప్పనిసరైతే ఎలా ఇవ్వాలో డాక్టర్‌నే అడగండి. కొత్తది ఏదైనా పక్కన, విడిగా, వాళ్లకు కనిపించేలా పెట్టి ఊరుకోండి. వాళ్లు ముట్టకపోతే ఆ పూటకు మీరే తినేయండి, బిడ్డ చూస్తుండగా.