వదిలెయ్యడమే ఉద్యోగం

సీసాల ఫ్యాక్టరీలో ఆయన పని, నీళ్లు నింపిన ప్లాస్టిక్ సీసాలను నిచ్చెన మీంచి వదిలి, పగులుతాయో లేదో చూడడం. ఏళ్ల తరబడి అదే పని కావడంతో, ఏది పట్టుకున్నా వేళ్లు వాటంతటవే విడిపోయేవి. పడ్డదాన్ని వంగి, తిప్పి చూసి, "బాగానే ఉంది" అనేవాడు. ఇంట్లో గాజు గ్లాసన్నది మిగల్లేదు.

కూతురికి పాప పుట్టింది. చూడ్డానికొచ్చిన వియ్యపురాలు మురిపెంగా, "తాతగారి చేతికివ్వండి" అంది. భార్య పరుగున వెళ్లి ఆయన కాళ్ల ముందు పరుపు పరిచింది.

"ఇదెందుకొదినా?"

"ఆయన ఉద్యోగం అలాంటిదొదినా."

ఆయన చెమటలు కక్కుతూ పాపను అందుకున్నాడు. పాప ఆవలించి నిద్రపోయింది. కాసేపటికి కూతురు, "పాలు పట్టాలి, ఇటివ్వు నాన్నా" అంది. ఇవ్వబోయాడు. వేళ్లు విడివడలేదు. చివరికి భార్యే ఒక్కో వేలూ ఊడదీయాల్సొచ్చింది.