చెంపల గడువు

సంధ్యారాణి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చర్మం డాక్టరమ్మ దగ్గర ఆయాగా పనిచేసేది. ఆయా అంటే నేల తుడిచేది ఒక్కటే కాదు. వచ్చినవాళ్ళను వరసలో కూర్చోబెట్టడం, ముఖానికి తిమ్మిరి క్రీము రాసి గడియారం చూస్తూ నిలబడటం, సూది పడ్డాక ఐసుముక్కలు గుడ్డలో చుట్టి చేతికివ్వడం, ఏడ్చేవాళ్ళను ఊరుకోబెట్టడం అన్నీ ఆమే. మొటిమల పిల్లలు, మంగుమచ్చల ఆడవాళ్ళు, కోచింగ్ సెంటర్లలో చదివి చదివి జుట్టూడిన మగపిల్లలు వచ్చేవాళ్ళు. వాళ్ళ మధ్యలో అప్పుడప్పుడు కారు దిగి, చున్నీ ముఖానికి కప్పుకొని వచ్చే అమ్మలు ఉండేవాళ్ళు. వాళ్ళు బుగ్గలు నింపించుకోవడానికి. జారిపోయిన చెంపలో సూదితో మందు పోసి వయసును వెనక్కి నెట్టే పని అది. నెడితే మాత్రం ఊరుకుంటుందా వయసు? ఏడాది ఆగి మళ్ళీ తలుపు కొడుతుంది. ఆ అమ్మలూ మళ్ళీ కారు దిగుతారు.

సంధ్యారాణికి వయసుతో పేచీ లేదు. ఆమె పేచీ వేరు.

ఆమె మగడు సీతారాములు బోర్లు వేసే లారీ మీద దేశాలు పట్టి తిరిగేవాడు. తిరిగి తిరిగి ఒకనాడు మంచాన పడ్డాడు. పసిరికలతో, అంటే కామెర్లతో పోయాడని ఊరికి చెప్పారు. ఏ రోగంతో పోయాడో సర్కారు దవాఖానలో సంధ్యారాణి ఒక్కదానికే చెప్పి, ఆమె రక్తం కూడా తీసి చూశారు. వాడు లారీ మీద తెచ్చిన హెచ్‌ఐవీ ఆమెకూ ఉంది. పిల్లలు లేరు. నల్గొండ పక్క ఊళ్ళో అత్తింటి గడప దిగి, కొత్తపేటలో తల్లి ఉండే కిరాయి గదికి వచ్చి పడింది. నెలనెలా దవాఖానకు పోయి మాత్రలు తెచ్చుకొని, మంగుమచ్చల క్రీము డబ్బాలో దాచుకొని మింగేది. మాత్రలు మనిషిని నిలబెట్టాయి. కానీ ఆ రోజుల్లో ఇచ్చే మాత్రల్లో ఒకదానికి చెంపల్లో కొవ్వును తినేసే గుణం ఉండేది. ఒళ్ళంతా బాగానే ఉండి, ముఖం మాత్రం సొట్టపడ్డ సత్తు గిన్నెలా లోపలికి పోయేది. తెలిసినవాళ్ళు ఆ చెంపలు చూసి రోగం పేరు చెప్పేవాళ్ళు.

తల్లి పేరు కిష్టమ్మ. పండ్ల మార్కెట్ ముందు బత్తాయిలు అమ్మేది. కాయను అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుందంటే లోపల రసమెంతో పిప్పెంతో చెప్పేది. నోరు కూడా అంతే, ఎదుటివాణ్ణి ఒక్క మాటలో తూచి పారేసేది. రోజూ తెల్లారి గంప ఎత్తుకునే ముందు బిడ్డ రెండు చెంపలూ అరచేతులతో నిమిరి, ఆ వేళ్ళు తన కణతలకు ఆనించి మెటికలు విరిచేది. పటపటమని పక్కింటికి వినబడేవి. "ఎంత దిష్టి ఉందో సూడు నా బిడ్డకు" అని మురిసిపోయేది. మగడు పోయిన ఆడది పొద్దున్నే ఎదురొస్తే ముఖం తిప్పుకునే లోకం మనది. ఆ తల్లి మాత్రం ఆ ముఖం ముట్టుకోకుండా బేరానికి పోయేది కాదు. రోజు మొత్తంలో సంధ్యారాణికి ఒక మనిషి చెయ్యి ప్రేమగా తగిలేది ఆ ఒక్క నిమిషమే. రోగం సంగతి తెలిస్తే ఆ చెయ్యి వెనక్కి పోతుందని ఆమె భయం. అందుకే దాచింది.

రెండువేల తొమ్మిది చలికాలం, ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ కోసం టైర్లు కాలుతున్న రోజుల్లో, కిష్టమ్మ చేతులు చెంపల మీద ఆగిపోయాయి.

"ఏంది బిడ్డా, దవడ బొక్కలు చేతికి తగుల్తున్నయ్? తింటలేవా?"

"పని ఎక్కువైందవ్వా."

"మీ డాక్టరమ్మ పని చేపిస్తుందా, నిన్నే నంజుకుంటుందా?"

డాక్టరమ్మ పేరు బిందుమాధవి. విజయవాడ వైపు మనిషి. సంధ్యారాణి రోగం సంగతి ఆమె ఒక్కదానికే తెలుసు. చెంపలకు వేసే సూది ఒక్కోటి సంధ్యారాణి మూడు నెలల జీతం, ఊరికే వెయ్యమని అడిగే మనిషి కాదు సంధ్యారాణి. ఏడాదికోసారి మాత్రం ఆ సూదుల కంపెనీవాళ్ళు డాక్టర్లకు పని నేర్పే శిబిరం పెట్టేవాళ్ళు. నేర్చుకోవడానికి ముఖాలు కావాలి కదా. మరుసటి ఏడాది అక్టోబరులో డాక్టరమ్మే పిలిచింది.

"కూర్చుంటావా సంధ్యా? వేసేది నేనే. మిగతావాళ్ళు చూస్తారంతే."

"ఎన్ని దినాలుంటది మేడమ్?"

"పెదాలకైతే ఆరేడు నెలలు. కదిలేచోట తొందరగా పోతుంది. ముక్కు పక్క గీతలకి తొమ్మిది నెలల నుంచి ఏడాది. చెంపలకి ఏడాది, కొందరికి ఏడాదిన్నర. ఒక్కో ఒళ్ళు ఒక్కో తీరు."

"ఎండకు కరుగుతదా?"

"ఐస్‌క్రీమా ఏంటి, కరగడానికి? ఒళ్ళే కొద్దికొద్దిగా అరిగించేసుకుంటుంది. అంతా పోయేదాకా ఆగకూడదు. సగానికొచ్చిందనగా కాస్త వేయించుకుంటే సరిపోతుంది. పూర్తిగా పోనిస్తే మళ్ళీ మొదట్నుంచీ పొయ్యాలి. తొమ్మిదో నెల నుంచి అద్దం చూసుకుంటూ ఉండు. వేశాక రెండు వారాలు మాత్రం చెంపల్ని ఎవరినీ నొక్కనివ్వకు."

సూదులు వేయించుకొచ్చి, ముఖం మీద పొక్కులు లేచాయని చెప్పి రెండు వారాలు తల్లికి దూరంగా పడుకుంది. పదిహేనోనాడు కిష్టమ్మ చేతులు చాచింది. కాయ కోయకుండా రసం చెప్పే ఆ చేతులకు చెంపలో మందు తెలియలేదు. "ఒళ్ళు చేసినవ్ బిడ్డా!" అని మెటికలు విరిచింది. ఆ పూట మార్కెట్లో కనబడ్డవాళ్ళందరికీ, బేరమాడినా ఆడకపోయినా, బిడ్డ సంగతే చెప్పింది. సంధ్యారాణి క్లినిక్కు పోయి, స్టోరు గదిలో తలుపు వేసుకొని ఏడ్చింది. రెండు వారాలు దాటినా భయం పోలేదు; ముఖం నొక్కుకోకుండా ఏడవడం ఎంత కష్టమో ఆనాడే తెలిసింది.

తొమ్మిదో నెల వచ్చింది. క్లినిక్కులో పెద్ద దీపం కింద అద్దం పెట్టుకొని చూసుకునేది. ఎడమ చెంప ముందు తగ్గింది. మళ్ళీ అక్టోబరులో శిబిరం ఉందిలే అని దినాలు లెక్కపెట్టుకుంది. సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు డిపోల్లో పడుకున్నాయి, బడులు మూతపడ్డాయి, కరెంటు ఇష్టమొచ్చినప్పుడు వచ్చిపోయింది. ఈ ఏడు హైదరాబాదుకు రాలేమని కంపెనీవాళ్ళు చెప్పేశారు.

"వచ్చే ఏడు చూద్దాం సంధ్యా. నా పరిస్థితే బాగోలేదు. క్లినిక్ మూసేసి వచ్చెయ్యమని మా అన్నయ్య ఒకటే పోరు" అంది డాక్టరమ్మ.

సమ్మెను తిడదామంటే నోరు రాలేదు సంధ్యారాణికి. తెలంగాణ రావాలని ఆమెకూ ఉంది. ఉండటమేమిటి, ఎల్బీనగర్ రోడ్డు మీద వంటావార్పు పెట్టిన రోజు గంపెడు ఉల్లిగడ్డలు తరిగింది కూడా ఆమే. ఆ పొయ్యి పక్కనే కూర్చున్న అండాలమ్మ ఆమె ముఖాన్ని పరకాయించి చూసింది. అండాలమ్మ అదే వాకిట్లో ఇంకో గదిలో కిరాయికుండేది. ఇతరుల ఇళ్ళలో ఏం ఉడుకుతుందో మూత తీయకుండానే చెప్పే రకం.

మర్నాడు నల్లా దగ్గర బిందెల వరసలో ఆ నోరు ఊరుకోలేదు.

"కిష్టమ్మా, నీ బిడ్డ దవడలేంది గట్ల లోపలికి పోయినయ్? మా చెల్లెలి ఊర్ల గిట్లనే ఒకామె, లారీ డ్రైవర్ పెండ్లాం..."

"ఏందే? ఏమన్నవ్?"

"నేనేమంట? సూసింది అంటున్న."

"నీ కండ్లల్ల కారం కొడ్త! నా బిడ్డకు గా రోగమా? వినుండ్రి అందరు! నా బిడ్డకు గా రోగమే ఉంటే నేను దాన్ని ముట్ట, దాని చేతి నీళ్ళు తాగ. మైసమ్మ మీద ఒట్టు!"

మెట్ల మీద ఖాళీ బిందెతో నిలబడ్డ సంధ్యారాణి మొత్తం విన్నది. గర్వంగల మనిషి నోరు జారితే, ఆ మాట బావిలో పడ్డ బొక్కెన లాంటిది. తీయాలంటే మళ్ళీ బావిలోకే దిగాలి.

అంతటితో అయిపోయినా బాగుండేది. మధ్యాహ్నం కిష్టమ్మ బేరం మానుకొని ఇంటికి వచ్చింది.

"నడువు బిడ్డా, దవాఖానకు పోయి రక్తం సూపిద్దాం. ఏ రోగం లేదని కాయితం దెచ్చి గా అండాలమ్మ మొఖాన కొడ్త."

"ఒద్దవ్వా."

"ఎందుకొద్దు? ఒక్క సూదికి భయమా?"

"కాయితం నా దగ్గర ఉన్నది. ఆరేండ్ల సంది ఉన్నది."

క్రీము డబ్బా తెచ్చి తల్లి ముందు పెట్టింది. మాత్రలు, మడతపెట్టిన కాగితం, చెంపల సూది, శిబిరం, అన్నీ చెప్పింది. కిష్టమ్మకు చదువు రాదు. అయినా కాగితం విప్పి అటూ ఇటూ తిప్పి చూసింది. కుండ దగ్గరికి పోయి నీళ్ళు తనే ముంచుకొని తాగింది. బిడ్డ గ్లాసు అందించబోతే చూడనట్టు పక్కకు జరిగింది.

మర్నాడు గంప తలకెత్తుకొని వాకిలి దాటింది. మెటికల చప్పుడు లేదు. ఆ తర్వాత రోజూ లేదు.

నెలరోజులు ఓర్చుకొని సంధ్యారాణి అడిగింది.

"ముట్టుకుంటే అంటదవ్వా. నీళ్ళతోని అంటదు. ఎవల్నన్న అడుగు."

"అంటుతదని నేనన్ననా?"

"మరెందుకు?"

"ఒట్టు పెట్టిన. నేను ఒట్టు తప్పితే మైసమ్మ నన్నేం చెయ్యదు. నిన్ను తీస్కపోతది."

అది మైసమ్మ భయమో రోగం భయమో సంధ్యారాణికి తేలలేదు. కిష్టమ్మకైనా తెలుసో లేదో. కానీ కూరలో ముక్కలన్నీ బిడ్డ కంచంలోకే తోసేది. మాత్ర వేళ దాటితే వాకిట్లోంచే కేకేసేది. ప్రేమకు లోటు లేదు. చెయ్యి మాత్రం గజం దూరంలో ఆగిపోయేది.

మరుసటి ఏడు శిబిరం మళ్ళీ పెట్టారు. ఈసారి తొందరపెట్టింది తల్లే.

"పో బిడ్డా, నింపిచ్చుకో. గా అండాలమ్మ నోరు మూసుకోవాలె."

నింపించుకుంది. కిష్టమ్మ బిడ్డను వెంటబెట్టుకొని, పనేమీ లేకపోయినా, నల్లా ముందు నుంచి రెండుసార్లు నడిచింది. అండాలమ్మ బిందెలోకి తల దించుకుంది. అప్పట్నుంచి గడువు లెక్క తల్లిదే అయింది. "తొమ్మిదో నెల పడ్డది, ఎడమ దిక్కు జర తగ్గినట్టుంది" అని గడపలో నిలబడి చెప్పేది. రసమెంతో పిప్పెంతో ఇప్పుడు చూపుతోనే తూచేది. ఆ చెంపలు ఎవరి అరచేతుల కోసం మొదట నింపించుకుందో ఆ అరచేతులు తప్ప, డాక్టర్ల చేతులన్నీ వాటిని పట్టి చూశాయి. ఒకసారి డాక్టరమ్మ, "మాత్రలు మార్చారుగా, ఇక కొత్తగా పోదు. పోయింది మాత్రం అంత తొందరగా రాదు" అంది. కొవ్వు గురించే చెప్పింది పాపం. సంధ్యారాణి తల ఊపింది.

రెండువేల పద్నాలుగు జూన్ రెండున రాష్ట్రం వచ్చింది. ఎల్బీనగర్ చౌరస్తాలో డప్పులు, గులాలు. ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళు వచ్చి సంధ్యారాణి చెంపలకు గులాబీ రంగు పూసి, పట్టుకొని ఊపి, నవ్వుతూ పోయారు. అండాలమ్మ కూడా వచ్చి పూసింది. సంధ్యారాణి వద్దనలేదు, నవ్వలేదు. కళ్ళు తల్లి కోసం వెతికాయి.

కిష్టమ్మ నాలుగడుగుల దూరంలో పిడికిట్లో గులాలు పట్టుకొని నిలబడి ఉంది. దారినపోయే పిల్లలందరికీ పూస్తోంది. సంధ్యారాణి ఆమె దగ్గరికి పోయి, ఏమీ అడగకుండా మెడ వంచి ముఖం ముందుకు పెట్టింది. డప్పుల మోత చెవులు పగిలేలా ఉంది. తల్లి చెయ్యి లేచింది, ఆగింది. పిడికిలి విప్పకుండానే చూపుడువేలు ఒక్కటి బయటికి తీసి, ఆ కొనతో, తొమ్మిదేళ్ళుగా బొట్టు లేని బిడ్డ నుదుట చుక్క పెట్టింది. వెంటనే చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఒక్క యేలే గద" అంది కిష్టమ్మ, బిడ్డ వైపు కాకుండా ఎటో చూస్తూ. "గంతకు మైసమ్మ ఏమనదు."