గుడి ముందా, అక్షరం ముందా

కరీంనగర్‌లో టైపు నేర్చుకుని, బోథ్‌లో ఆఫీసు టైపిస్టుగా రిటైరైనదాన్ని. అలాంటి నేను కంప్యూటర్లో తెలుగు పేజీ ఒకటి కొట్టలేకపోయాను. ఒళ్లు మండదా మరి!

ఆ పేజీ మా టైపు సార్ కోసం. ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. "బేటీ, రేపు కట్టు విప్పుతరు. మొట్టమొదలు నీ కాగితమే చదువుత. మన ఇన్‌స్టిట్యూట్ ముచ్చట్లు రాయి. టైపు కొట్టే పంపాలె," అని ఫోన్ చేశారు. ఆయన అడగడమూ, నేను కాదనడమూనా!

పాత టైపు మిషన్ మీద ఉండే అక్షరాల వరసనే నా బిడ్డ కంప్యూటర్లో పెట్టించింది. ధైర్యంగా కూర్చున్నాను. నాలుగు మాటలు కొట్టి తెర చూస్తే అంతా ఆగమాగం. ఒక అక్షరానికి పెట్టిన గుడి ముందున్న అక్షరం నెత్తికెక్కింది. మాట మొదట్లోనైతే చుక్కల సున్న ఒకటి వచ్చి, గుడి దాని మీద కూర్చుంది.

"అమ్మా, బంద్ చేసి మళ్ల చాలు చెయ్," అంది బిడ్డ. చేశాను. అదే తంతు. కీబోర్డు మార్చింది. అయినా అంతే.

"ఎందుకు గింత పరేషాన్? ఫోన్‌ల మాట్లాడు, గదే రాస్కుంటది."

"నోర్ముయ్! సార్‌కు నా వేళ్లతో కొట్టింది గావాలె."

ఆ చుక్కల సున్నలు చూస్తుంటే సారే యాదికొచ్చారు. తప్పు కనబడితే ఎర్ర సిరాతో సున్న చుట్టేవారు. మేం కీలు చూడకుండా చేతుల మీద రుమాలు కప్పేవారు. "కండ్లు కాగితం మీద ఉండాలె. వేళ్లు చూసెటోళ్లకు టైపు రాదు," అనేవారు. రిబ్బన్ల వాసన, వరస చివర మోగే గంట, పక్క హోటల్ చాయ్. ఆ గదిలోకి ఒక్కసారి పోయి కూర్చోవాలని ప్రాణం కొట్టుకుంది.

చివరికి విసుగొచ్చి, జన్మలో చేయని పని చేశాను. తల వంచి నా వేళ్లు చూశాను. ఓరి దేవుడా! ప్రతిసారీ ముందు గుడి కొడుతున్నాయి, తర్వాత అక్షరం. మా మిషన్ మీద పద్ధతి అదే. గుడి కొడితే కాగితం కదలదు, ఆ తర్వాత కొట్టిన అక్షరం సరిగ్గా దాని కిందికి వస్తుంది. కంప్యూటర్‌కేమో ముందు అక్షరం కావాలి.

వేళ్లు మాట వినవు కదా. ఒక్కొక్క కీ చూసుకుంటూ, నన్ను నేనే తిట్టుకుంటూ, దీపాలు పెట్టే వేళకు పూర్తి చేశాను. బిడ్డ పంపిస్తే, సార్ కోడలు పెద్ద అక్షరాల్లో ప్రింట్ తీసిందట.

మర్నాడు సార్ ఫోన్ చేశారు. "చదివిన బేటీ. ఎర్ర సిరా పక్కనే పెట్టుకున్న గని ఒక్క సున్న గూడ చుట్టలే."

అంతలోనే ఇంకో ప్రశ్న వేశారు.

"వేళ్లు చూడకుంటనే కొట్టినవా?"

"లేదు సార్. చూసుకుంటనే కొట్టిన," అన్నాను, దెబ్బలకు చేయి చాచినట్టు.



"మంచిగనే చేసినవ్," అన్నారు. "నేను గూడ పొద్దటిసంది నా వేళ్లే చూసుకుంటున్న. ఎన్నేండ్లాయె కనబడక!"