మా నాయన చెప్పని సెబాష్

మా నాయన రాజపాళయంలో హైస్కూలు లెక్కల మాస్టారు. నేను ఆయన క్లాసులోనే చదివాను. అది నా అదృష్టమని ఊళ్ళో చాలామంది అనేవాళ్ళు. వాళ్ళెవరూ ఆయన చేతి మొట్టికాయ తినలేదు.

ఇంట్లో మాకు తెలుగు, బడిలో అరవం. బడి గడప తొక్కాక ఆయన నాతో కూడా అరవమే మాట్లాడేవాడు, నేను ఆయన్ని సార్ అని పిలవాలి. అదంతా సహించాను. సహించలేనిది ఒక్కటే. లెక్క బాగా చేసినవాడి వీపు తట్టి ఆయన "సెబాష్" అనేవాడు. ఆ మాట సత్రపట్టి నుంచి నడిచొచ్చే మగ్గంవాళ్ళ పిల్లాడికి వారం వారం దొరికేది. నాకు ఒక్కసారి కూడా దొరకలేదు.

ఆ ఏడాది ఆల్జీబ్రాలో పొదుక్కారణి వచ్చింది. అంటే, అన్ని పదాల్లోనూ ఉమ్మడిగా ఉన్నదాన్ని బయటికి తీసి, మిగిలింది బ్రాకెట్టులో పెట్టడం. తీసేది వీలైనంత పెద్దది కావాలి. లోపల మళ్ళీ ఉమ్మడిగా ఏదీ మిగలకూడదు. 5x² + 5x ఇచ్చిన రోజున వాడూ నేనూ ఒకే తప్పు చేశాం. 5x తీసేశాక రెండో పదంలో ఇంకేముంటుందిలే అనుకుని బ్రాకెట్టులో ఒట్టి x రాసి ఊరుకున్నాం. నా నెత్తిన మొట్టికాయ పడింది. వాడి దగ్గర మాత్రం ఆయన వంగి, "అంతా బయటికి పోయినా అక్కడ ఒకటి మిగులుతుంది తంబీ" అని అరవంలో చెప్పి నవ్వాడు. ఆ తంబీ వినగానే నా ఒళ్ళు మండిపోయింది.

ఇంటికొచ్చినా వదిలేవాడు కాదు. అన్నం తింటూ అమ్మతో, "ఆ సత్రపట్టి పిల్లోడు ఈ పొద్దు ఎంత బాగా చేసినాడో తెలుసునా?" అనేవాడు. అమ్మ నా మొహం చూసి, "పొరుగింటి పుల్లకూర రుచిలే, నువ్వు తిను" అంటూ నాకు ఇంకాస్త నెయ్యి వేసేది. నెయ్యి పడితే మంట ఆరుతుందా?

పోనీ వాడు చెడ్డవాడా అంటే, కాదు. అదొక కడుపుమంట. వాడి చొక్కాకు అంటుకొచ్చే నూలుపోగులు చూసినా నాకు గిట్టేది కాదు. వాడికి జ్వరం రావాలని మొక్కుకున్నాను. వచ్చింది. వాడు రాని రోజులన్నీ మా నాయన వాడెలా ఉన్నాడోనని దిగులుపడ్డాడు.

వాడు కోలుకుని వచ్చాక, ఒకరోజు ఆయన బోర్డు మీద 12x³ + 18x² రాసి వాణ్ణే లేపాడు. వాడు 2x బయటికి తీసి, బ్రాకెట్టులో 6x² + 9x రాసి, సుద్దముక్క పెట్టేశాడు. లోపల ఇంకా ఉమ్మడి ఉంది! నాకు కనిపించేసింది. చెయ్యెత్తి, పిలవకముందే లేచి వెళ్ళాను. 6x² బయట పెట్టి, లోపల 2x + 3 రాశాను. ఇక అందులోంచి తీయడానికి ఏమీ లేదు. తట్టడానికి వీలుగా ఆయన వైపు వీపు పెట్టి నిలబడ్డాను కూడా.

ఆయన బోర్డు చూశాడు. "సరి, ఉక్కారు" అన్నాడు. పోయి కూర్చోమని.

ఆ సాయంత్రం అరుగు మీద అడిగేశాను. "వాడు సగంలో విడిచిపెట్టినాడు, నేను ముగించినాను. నాకెందుకు సెబాష్ చెప్పలేదు నాయనా?"

"నీ వీపు తడితే నా వీపు నేనే తట్టుకున్నట్టు కదరా. నలుగురు నవ్వరా?"

"అట్లయితే నన్ను వేరే సారు క్లాసులో వెయ్యి."

కోపంలో అన్నాను. ఆయన నిజంగానే వేసేశాడు. అంత తేలిగ్గా వేస్తాడనుకోలేదు. మరుసటి ఏడు పక్క సెక్షనులో కూర్చున్నాను. కొత్త మాస్టారు మొదట్లోనే ఒకరోజు నా లెక్క చూసి, వీపు తట్టి, "సెబాష్" అన్నాడు. పిల్లలంతా తిరిగి నన్నే చూశారు. నేను మాత్రం గోడ వైపు చూస్తున్నాను. రెండు క్లాసుల మధ్య ఆ గోడ సగం ఎత్తే ఉండేది. అవతల మా నాయన గొంతు అదే మాట అంటోంది. ఎవరితోనో చూడకుండానే నాకు తెలుసు.