ఈల ఆగిన సాయంత్రం

మొన్న పొద్దున పాలు పోసే ఆమె మా గడపలోకి వచ్చి, "సారు తలుపు తీస్తలేడమ్మా, జర చూడుండ్రి" అంది. మా ఆయన గోడ దూకి వెళ్లాడు. సారు మంచం మీదే కన్నుమూసి ఉన్నారు.

గద్వాలలో ఆయన సైన్సు సారని అందరికీ తెలుసు. యుద్ధం రోజుల్లో నాకేం చేశారో మాత్రం ఎవరికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

సారు నేతవాళ్లింట్లో పుట్టారు. ఎక్కడ తాడు వదులుగా వేలాడినా ఆయన చెయ్యి ఊరుకోదు, జరీపోగు తెచ్చి చుట్టేస్తారు. ఆడదిక్కు లేని ఇల్లు అంత పొందికగా ఉంటే మా ఆడవాళ్లకు కడుపుమంటగా ఉండేది.

ఆ యుద్ధంలో మా ఆయన నిజాం పల్టన్‌లో మలయాకు పోయాడు. అక్కడ జపాను వాళ్లు గెలిచారన్నారు, ఆ తర్వాత జాబు లేదు. మా అత్త నా గాజుల వంక చూడడం మొదలుపెట్టింది. అప్పుడే వనపర్తి చుట్టం ఒకాయన, పట్టుబడ్డవాళ్ల పేర్లు జపాను స్టేషనులో సాయంత్రంపూట చదువుతున్నారని చెప్పాడు. ఆ స్టేషను వింటే జైలే. సారుకు చెప్పి ఏడ్చాను.

సారు దగ్గర బ్యాటరీ రేడియో ఉంది. అందులో ఆ గొంతు గొణుగుడులా వచ్చేది. దాన్ని పెంచడానికి ఏరియల్‌కూ రేడియోకూ మధ్య పెట్టే ఒక వాల్వు పెట్టె ఆయనే తయారుచేశారు. పెట్టగానే అది చెవులు చిల్లులు పడేలా ఈల వేసింది. మర్నాడు వెనక సందులో ఉండే పోలీసు అమీన్ సాబ్ బేగం నన్ను ఆపి, "మా రేడియోల ఏందో సీటీ కొడుతున్నది. సాబ్ పరేషాన్ అయితుండు, ఎవడో పట్టుకుంట అంటుండు" అంది. నేను నేరుగా సారు దగ్గరికి పోయాను.

"ఇగ వద్దు సారూ, మిమ్మల్ని పట్టుకపోతరు" అన్నాను.

"గది దాని గొంతు అదే వింటున్నది బిడ్డా. విని ఇంకింత ఒర్లుతున్నది. ఏరియల్ నుంచి బయటికి పోయి సాబ్ రేడియోల పడుతున్నది. దాని చెవి మూస్తే సప్పుడు చెయ్యదు" అన్నారు.

గ్యాసునూనె డబ్బా కత్తిరించి పెట్టె మధ్యలో రేకు అడ్డం పెట్టారు. ఆ రేకు నుంచి తీగ లాగి తడి నేలలో పాతారు. ఈల తగ్గింది కానీ పోలేదు. చివరికి ఆయన చూపు తన పనితనం మీదే పడింది. పెట్టెలోకి వచ్చే తీగనూ, బయటికి పోయే తీగనూ కలిపి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా జరీతో మొదటి రోజే అందంగా చుట్టి ఉంచారు.

"మగ్గం బుద్ధి యాడికి పోతది" అని నవ్వి, జరీ తెంపేశారు. "వచ్చేది, పోయేది ఒకదాని మొఖం ఒకటి చూడొద్దు." తీగలు పొట్టిగా కత్తిరించి ఒకటి ఈ గోడకు, ఒకటి ఆ గోడకు లాగారు.

సారు ఇంట్లో ఈల ఆగింది. అమీన్ ఇంట్లో ఆగిందో లేదో అక్కడే తెలియాలి. చీరలు అమ్మే వంకతో మూట పట్టుకుని నేనే వెళ్లాను. ఈల వస్తే పరుగున వచ్చి చెప్పాలి, రాకపోతే కదలకూడదు.

బేగం ఒక్కొక్క చీరే విప్పిస్తోంది. అమీన్ సాబ్ రేడియోకు చెవి ఆనించి కూర్చున్నాడు, గుమ్మంలో జవాను నిలబడ్డాడు. పాటలు వస్తున్నాయి. అవతల సారు వినే వేళ అయింది. ఏ క్షణం ఈల లేస్తుందోనని వింటూనే అంచులు మడతపెడుతున్నాను. అక్కడ నా మొగుడి పేరు చదువుతున్నారో లేదో తెలియదు. ఇక్కడ నేను రంగుల గురించి మాట్లాడాలి.

"ఇయ్యాల సీటీ లేదు" అన్నాడు అమీన్ సాబ్, కొంచెం నిరాశగా.

ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. సారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"విన్న బిడ్డా. ఊరి పేరు సక్కగ పలకలే వాడు. గద్వాలను గడవాలన్నడు. మనిషి పేరు మాత్రం నీ పెనిమిటిదే, వాళ్ల నాయిన పేరు సుత చదివిండు."

సారుకు పిల్లల్లేరు. యుద్ధం అయ్యాక తిరిగొచ్చిన మా ఆయనే మొన్న పాడెకు ముందు భుజం పట్టాడు. వీధి చివర నిలబడి నేను చూస్తూనే ఉన్నాను. దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. చెవిలో పేరు పెట్టి పిలిచే కొడుకు లేడు కాబట్టి మా ఆయనే వంగి పిలిచాడు. పిలిచి, జవాబు వస్తుందేమోనని చాలాసేపు అట్లాగే వంగి ఉండిపోయాడు.