ట్రైలర్ చక్రానికి ఆనుకుని నాయనమ్మ

కొత్త రబ్బరు వాసన తగిలితే నాకు పులిహోర తినాలనిపిస్తుంది. నవ్వేవాళ్ళు నవ్వొచ్చు. మొన్న ఇప్పుడు నేనుంటున్న పిస్కాటవేలో కారు టైర్లు మార్పించుకోవడానికి వెళ్ళి, గోడ పొడుగునా పేర్చిన నల్లటి టైర్ల పక్కన, ఎవరూ చూడని టీవీ ఎదురుగా కుర్చీలో కూర్చున్నానో లేదో, ఆ వాసనతో పాటు చింతపండు పులుపూ ఇంగువ ఘాటూ నాలుక మీదికి వచ్చేశాయి. ఆష్‌బర్న్‌లో నేను పెరిగిన మా అమ్మానాన్నల ఇంటి గరాజు, అందులో దసరా నవమి నాటి పొద్దు, పసుపు రాసిన జాకీ, దాని ముందు మడతకుర్చీలో మా నాయనమ్మ కళ్ళకు కట్టారు.

నాయనమ్మ ఏడాది విడిచి ఏడాది గుంటూరు నుంచి వచ్చి ఆర్నెల్లు మాతో ఉండేది. నాకు తెలుగు చదవడం, రాయడం, తగువులాడడం నేర్పింది ఆవిడే. మోకాళ్ళు అరిగిపోయి నేల మీద కూర్చోవడం ఎప్పుడో మానేసింది. పూజ కూడా కుర్చీలోనే చేసుకునేది గానీ, అమ్మవారి ముందు ఎత్తుగా కూర్చుంటున్నానని రోజూ లెంపలు వేసుకున్నాకే మొదలుపెట్టేది. అప్పటికి మా వీధి చివర ఇంకా పొలాలుండేవి. అక్టోబర్ వచ్చిందంటే మొక్కజొన్న కోసేసిన మోళ్ళ మీదుగా చలిగాలి వచ్చేది, మేపుల్ ఆకులు ఎర్రబడి రాలి మా వాకిలంతా పరుచుకునేవి, నాయనమ్మ రెండు స్వెటర్లు తొడుక్కుని, తలకి మఫ్లర్ చుట్టుకుని, చీపురు పట్టుకుని వాటితో రోజూ యుద్ధం చేసేది. ఆకులు రాలడం ఆగాక ఊడిస్తే సరిపోతుంది కదా అని అమ్మ అంటే, అప్పటిదాకా ముగ్గెక్కడ వేయను అనేది.

ఆ ఏడు వేసవిలో నాన్న ఒక పాత ట్రావెల్ ట్రైలర్ కొన్నాడు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లది; అటో చక్రం, ఇటో చక్రం. లోపల రెండు మంచాలు, బుల్లి పొయ్యి, తెరిస్తే కిర్రుమనే అల్మరాలు, ఎంత కడిగినా పోని ఎవరిదో పెంపుడు కుక్క వాసన. అమ్మ ఆ వాసన మీద సాంబ్రాణి ప్రయోగించింది. తర్వాత కుక్కా సాంబ్రాణీ కలిసిన వాసన వచ్చింది. నాకు మాత్రం అది రాజభవనం. వర్షం పడే సాయంత్రాలు నాయనమ్మా నేనూ అందులో కూర్చుని పూసలతో వామనగుంటలు ఆడుకునేవాళ్ళం. ఆవిడ దొంగాట ఆడేది, పట్టుకుంటే కళ్ళు కనపడలేదనేది.

నవమి నాడు గరాజులో ఆయుధపూజ. పనిముట్లన్నిటికీ ఆ రోజు పసుపూ కుంకుమా పెట్టి దేవుడితో సమానంగా చూడడం మా ఇంటి ఆచారం. నాయనమ్మ ఎర్ర బ్లౌజు గుడ్డ పరిపించి దాని మీద గడ్డి కోసే మెషినూ, అమ్మ మిక్సీ, నా పెన్సిల్ బాక్సూ, నాన్న లాప్‌టాప్ పెట్టించింది. ట్రైలర్ సామాన్ల పెట్టె తెరిపించి జాకీ, పానా, చక్రాలకు అడ్డం పెట్టే పసుపురంగు రబ్బరు దిమ్మలు, చెక్క పలకలు కూడా తెప్పించింది. జాకీని సరిగ్గా మధ్యలో పెట్టమంది. దానికి మాత్రం రెండుసార్లు బొట్టు పెట్టి, గులాబీ పెట్టి, చాలాసేపు చేతులు జోడించి కూర్చుంది. ఎందుకని ఎవరం అడగలేదు. మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా వీటిలో ఏదీ కదపకూడదంది. ఆఫీసు వాళ్ళు ఎప్పుడైనా పిలుస్తారని నాన్న బతిమాలితే, లాప్‌టాప్‌కి విడిగా నాలుగు అక్షతలు వేసి దానికి మాత్రం సెలవిచ్చింది.

దశమి నాటి పొద్దున్నే కొండల్లోకి ప్రయాణం. పై వారం నాయనమ్మ ఇండియా వెళ్ళిపోతుంది కాబట్టి, ఈలోపు ఆవిడకి రంగుమారిన అడవి చూపించాలని నాన్న పట్టుదల. విజయదశమి నాడు ముహూర్తం చూడక్కర్లేదు గానీ, చీకటి పడ్డాక ట్రైలర్‌ని వెనక్కి నడిపి నిలబెట్టడం నాన్నకి చేతకాదు, అందుకని ఒకటే తొందర. అమ్మ పులిహోర కలిపింది, గారెలు వేసింది, బూరెలు డబ్బాకెత్తింది. నాన్న చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించాడు. నాయనమ్మ మేడ మీద పూజ ముగించుకుని, నా చెయ్యి పట్టుకుని దిగి కారెక్కింది. గరాజు తలుపు మూసుకుంది. లోపల ఎర్రగుడ్డ మీద జాకీ గులాబీ పెట్టుకుని అలాగే కూర్చుంది, మేము వెళ్ళిపోయాం.

గంటన్నర పోయాక వెనక ఢామ్మని చప్పుడయింది. ట్రైలర్ ఒకసారి అటూ ఇటూ తూగింది. నాన్న కంగారు పడకుండా నెమ్మదించి, పక్కనే గుమ్మడికాయలు అమ్ముకునే దుకాణం ముందున్న ఖాళీ జాగాలోకి తిప్పి ఆపాడు. ఎడమ టైరు పేలికలైపోయింది, కాలిన రబ్బరు వాసన గుప్పుమంటోంది. ఆ పక్క నేల గడ్డి, కాస్త వాలు కూడా. నాన్న వెళ్ళి సామాన్ల పెట్టె తెరిచాడు. అడుగున పాత న్యూస్‌పేపరూ, దాని మీద నాలుగు పసుపు బియ్యం గింజలూ తప్ప ఏమీ లేవు.

అమ్మ సహాయం కోసం ఫోన్ చేస్తే, ట్రైలర్ అంటే వేరే బండి పంపాలి, సాయంత్రం దాటొచ్చు అన్నారు. నాన్న కారు డిక్కీలోంచి కారు జాకీ తీశాడు. పొలం గట్టు మీంచి రెండు రాళ్ళు ఏరుకొచ్చాడు.

“ఏమండీ, అది కారుది. దాని మీద ఇంత ఇల్లు నిలబడుతుందా?” అంది అమ్మ.

“జస్ట్ కొంచెం లిఫ్ట్ చేస్తే చాలు. ఐదు నిమిషాల పని,” అంటూ నాన్న చొక్కా చేతులు మడిచి, గడ్డి మీద వెల్లకిలా పడుకుని, జాకీ ఎక్కడ ఆనించాలా అని ట్రైలర్ కిందికి తల పెట్టాడు.

అప్పుడు నాయనమ్మ కారు దిగింది. మఫ్లర్ సరిచేసుకుంటూ, చెప్పుల కాళ్ళతో గడ్డిలో అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చింది. నాన్నని లెమ్మంది. ఆయన లేచి నిలబడగానే, ఒక చేత్తో ట్రైలర్‌నీ ఒక చేత్తో నా భుజాన్నీ పట్టుకుని, నొప్పికి మూలుగుతూ, కొంచెం కొంచెంగా కిందికి దిగి, చివర్న దబ్బున కూలబడింది. పేలిపోయిన చక్రానికి వీపు ఆనించి, కాళ్ళు చాపి, పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంది. ఆవిడ నేల మీద కూర్చోగా నేను చూడడం అదే మొదలు.

“నాయనమ్మా, లే. చీర డర్టీ అవుతుంది,” అన్నాను.

“అవనీ.”

“లేమ్మా. ఐదు నిమిషాల పని,” అన్నాడు నాన్న.

“మీ నాన్న కూడా ఐదు నిమిషాలే అన్నార్రా.”

మా తాతయ్యని నేను ఫోటోలోనే చూశాను, చేతికర్రతో. పెద్దవాళ్ళు కర్ర పట్టుకుంటారు కాబట్టి పట్టుకున్నాడనుకున్నాను. ఆ పూట గుమ్మడికాయల దుకాణం ముందు నాయనమ్మ చెబితే తెలిసింది. ఎవరిదో పెళ్ళికి కారులో వెళ్తుంటే దారిలో టైరు పోయిందట. లగ్నం దాటిపోతుందని తాతయ్య తొందరపడ్డాడట. అవతలి చక్రానికి అడ్డం పెట్టకుండానే మట్టిలో జాకీ వేసి ఎత్తితే, కారు ముందుకు కదిలి జాకీ ఒరిగి బండి ఆయన కాలి మీద పడిందట. హెడ్మాస్టరు ఉద్యోగం చేసినన్నాళ్ళూ బడి మెట్లు ఒక్కొక్కటే ఎక్కేవాడట.

“ఆవేళ నేను పక్కనే నిలబడి ఉన్నా. ఆయన మాటకి అడ్డం రాకూడదని ఊరుకున్నా. ఇవాళ ఊరుకోను. అడివి చూడకపోతే మానె,” అంది నాయనమ్మ.

ఆవిడ ఏడవలేదు. నాకు మాత్రం భయమేసింది. ఒక్క నిమిషం ముందు నాన్న తల ఎక్కడుందో అప్పుడే అర్థమైంది. వెళ్ళి ఆయన నడుం చుట్టూ చేతులు వేసి పట్టుకున్నాను. నాన్న జాకీని డిక్కీలో పడేసి వచ్చాడు.

మా వీధిలోనే ఉండే అమ్మ స్నేహితురాలు సుజాత ఆంటీ దగ్గర మా ఇంటి తాళంచెవి ఒకటి ఉండేది. ఆంటీది కరీంనగర్. అమ్మ ఫోన్ చేస్తే గరాజు తెరిచి, సామాన్లు చూసి జంకింది.

“వదినా, వీటికి కుంకుమ బొట్లున్నయి, పూలున్నయి. ముట్టొచ్చా? నాకు ఉద్వాసన గిట్ల చెప్పుడు రాదు.”

నాయనమ్మ ఫోన్ తెమ్మంది. అమ్మ స్పీకర్ పెట్టి ఆవిడ ఒళ్ళో పెట్టింది. “చేతులు కడుక్కున్నావా అమ్మాయ్? బెల్లం ముక్క నైవేద్యం పెట్టు. అక్షతలు చేతిలో పట్టుకో,” అని, చక్రానికి ఆనుకున్న మనిషి అలాగే కళ్ళు మూసుకుని మంత్రం చదివింది. దుకాణం ఆవిడ గుమ్మడికాయ తూస్తూ తూస్తూ ఆగి చూసింది. “ఇప్పుడు జాకీని ఈశాన్యం వైపు కొంచెం జరుపు.”

“ఈశాన్యం అంటే గడ్డి మిషిన్ దిక్కా, ఫ్రిజ్ దిక్కా అమ్మా?”

“ఫ్రిజ్ దిక్కు,” అంది నాయనమ్మ, ఆంటీ భాషలోనే.

ఆంటీ వచ్చేదాకా అక్కడే ఆవిడ చుట్టూ గడ్డి మీద దుప్పటి పరుచుకుని తిన్నాం. పేపర్ ప్లేట్లలో పులిహోర, చల్లారిన గారెలు, చుట్టూ కాలిన టైరు వాసన, ఎండలో నారింజరంగు గుమ్మడికాయల వరసలు. ఇన్ని గుమ్మడికాయలు ఎవరి దిష్టికి, ఊరు ఊరంతటికీ తగిలిందా అని నాయనమ్మ ఆరా తీసింది. నాన్న తన ప్లేటులో జీడిపప్పులు ఏరి వాళ్ళమ్మ ప్లేటులో వేశాడు.

ఆంటీ కారు రాగానే జాకీ కంటే ముందు నాయనమ్మని ఎత్తాల్సి వచ్చింది. మోకాళ్ళు బిగుసుకుపోయాయి. తనంతట తను లేవలేనని తెలిసే కూర్చుందా మనిషి. అమ్మ ఒక పక్కా నాన్న ఒక పక్కా చంకల్లో చేతులు వేసి, ఆంటీ వెనక నుంచి నడుం పట్టుకుని, ఆగి ఆగి లేపారు.

“చూశావా, నన్నెత్తడానికే ముగ్గురు కావాల్సొచ్చింది. అంత ఇల్లు నువ్వొక్కడివే ఎత్తుతానన్నావు,” అంది నాన్నతో.

ఆ తర్వాత నాన్న చేసిన పని నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది, ఎందుకంటే ప్రతి పనికీ ముందు ఆయన నాయనమ్మ వైపు చూసేవాడు. మమ్మల్నందరినీ దూరంగా దుకాణం అరుగు మీదికి పంపాడు. కారుకి తగిలించిన ట్రైలర్‌ని విప్పకుండానే, వాలు తప్పించి, చదునుగా గట్టిగా ఉన్న తారు మీదికి మెల్లగా లాగాడు. కారు ఇంజన్ ఆపి హ్యాండ్ బ్రేక్ వేశాడు. బాగున్న చక్రానికి ముందో దిమ్మ, వెనకో దిమ్మ బిగించి కాలితో తన్ని చూడబోయి, కుంకుమ కనపడి, చేత్తో తోసి చూశాడు. చక్రం నేల మీద ఉండగానే నట్లన్నీ కొద్దికొద్దిగా వదులు చేశాడు. చెక్క పలక వేసి, దాని మీద జాకీ పెట్టి, ట్రైలర్ ఇనప చట్రానికి ఆనించి, టైరు నేలని వదిలేవరకే ఎత్తి ఆపాడు. ట్రైలర్ కిందికి చెయ్యి గానీ కాలు గానీ పోనివ్వలేదు. ట్రైలర్ వెనక తగిలించి ఉన్న స్టెప్నీ తీసి ఎక్కించి, నట్లు ఒకదానికి ఎదురుగా ఒకటి చొప్పున బిగించి, కిందికి దించాక మళ్ళీ గట్టిగా బిగించాడు. అంతసేపూ నాయనమ్మ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ట్రైలర్ దిగి నిలబడ్డాక ఆగాయి.

వాళ్ళ వైపు దసరా నాడు జమ్మి ఆకుని బంగారమని పెద్దల చేతిలో పెట్టి దండం పెడతారని ఆంటీ చెబితే, జమ్మి లేక నేను ఎర్రటి మేపుల్ ఆకులు ఏరుకొచ్చాను. నాన్న ఒకటి తీసుకుని నాయనమ్మ చేతిలో పెట్టి కాళ్ళకి దండం పెట్టాడు. పెట్టి వెంటనే లేవలేదు. ఆవిడ ఆయన జుట్టులోంచి గడ్డిపరకలు ఏరుతూ కూర్చుంది.

అడవికి చేరేసరికి పొద్దుగూకింది. రంగులేమీ కనపడలేదు. మర్నాడు చూసిందిలే.

నాయనమ్మ ఆ తర్వాత ఇంకొక్కసారి మాత్రమే వచ్చింది. ఆవిడ పోయి చాలా కాలమైంది. ట్రైలర్‌ని నేను కాలేజీకి వెళ్ళిన ఏడు ఎవరికో అమ్మేశారు. సుజాత ఆంటీ వాళ్ళు టెక్సస్ వెళ్ళిపోయారు. మా వీధి చివరి పొలాల్లో ఇప్పుడు కిటికీల్లేని డేటా సెంటర్లు పగలూ రాత్రీ రొద పెడుతుంటాయి. గుమ్మడికాయల దుకాణం జాగాలో ఇళ్ళు కట్టారు. దసరాకి గరాజులో ఎర్రగుడ్డ పరిచే ఓపిక అమ్మకి లేదు.

మొన్న ఆదివారం అమ్మతో మాట్లాడుతుంటే, నాన్న నిచ్చెన వేసుకుని కప్పు అంచున వాననీళ్ళు పోయే గటర్లో పడ్డ ఆకులు తీస్తున్నాడని చెప్పింది. ఆయనకి అరవై దాటాయి, ఈ మధ్య తల తిరుగుతోందని మందులు కూడా వాడుతున్నాడు. దిగమని చెప్పమన్నాను. ఆ పక్కొకటే మిగిలిందట, అయిపోవచ్చిందట. అమ్మ వెళ్ళి మళ్ళీ చెప్పింది, నేను కోప్పడ్డాను, బతిమాలాను, మనిషిని పెట్టిద్దామన్నాను. నాన్న నవ్వడం ఫోన్లో వినపడుతూనే ఉంది. ఆ నవ్వుని మాటలతో ఆపలేమని నాకు తెలుసు. వెళ్ళి ఆ నిచ్చెన మొదట్లో కూర్చోవాల్సిన దాన్ని, నాలుగు గంటల దూరంలో ఉన్నాను.